ఒకటి మంచిదా, ఐదు మంచిదా

పోయిన వారం మట్టి మేడమ్‌ని సారు గది గుమ్మంలో నిలబెట్టి వదిలేశాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. లోపలికి పిలిచేలోగా, కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం జరిగిన సంగతి నాలుగు ముక్కల్లో చెప్పుకుందాం.

ఏటా చదువులు ముగిసే ముందు ఈ కాలేజీలో పిల్లలు తమకు పాఠం చెప్పినవాళ్ళ మీద అభిప్రాయం రాసిస్తారు. మనిషికో ఫారం. ఫారానికి పన్నెండు ప్రశ్నలు. ప్రశ్నకి ఒకటి నుంచి ఐదు దాకా అంకెలు, నచ్చిన అంకె చుట్టూ గీత చుట్టాలి. అడుగున 'ఇంకేమైనా చెప్పదలిస్తే' అని రెండు చుక్కల గీతలు. అంకెల్ని గుమాస్తా కంప్యూటర్లోకి ఎక్కిస్తాడు. చుక్కల గీతల మీద రాసింది దేవుడు చదవాలి. ఈసారి నేల శాస్త్రం ఆఖరి ఏడాది పిల్లల లెక్క తేలేసరికి మన సారుకి నాలుగున్నర పైన వచ్చింది. కాలేజీ మొత్తానికి ఆయనే మొదటివాడు. గాజు పటం కట్టిన ప్రశంసాపత్రం వాళ్ళింటి హాల్లో గోడకెక్కింది. అదే పిల్లలకి పాఠం చెప్పే మట్టి మేడమ్‌కి ఒకటిన్నర కూడా రాలేదు. ఆవిడది ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగం. తొమ్మిదేళ్ళుగా పొడిగిస్తూ వచ్చారు. ఈసారి వద్దని నోటు తయారైంది. అభిప్రాయ సేకరణ ఇన్‌ఛార్జి గనక ఆ నోటు మీద మొదటి సంతకం మన సారుదే. ఆఖరి సంతకం కాలేజీ హెడ్డు గారిది. అది రేపు పది గంటలకి.

ఇక మేడమ్‌ని కూర్చోనిద్దాం.

"అక్కడే ఆగిపోయారేం మేడమ్, రండి" అన్నాడు సారు.

మధ్యాహ్నం మూడు దాటింది. ఫ్యాను గాలికి కాగితాలు ఎగరకుండా బల్ల మీద ఒక్కో కట్ట మీద ఒక్కో రాయి ఉంది. నేల శాస్త్రం వాళ్ళకి రాళ్ళకి కరువేముంది. సారు తన మొహాన్ని ముందే సర్దుకుని కూర్చున్నాడు. ఏడిస్తే ఏమనాలో, బతిమాలితే ఏమనాలో, నిలదీస్తే ఏమనాలో మూడు జవాబులూ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఆవిడ ఆ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. సంచీలోంచి నోటుపుస్తకం తీసి ఒళ్ళో పెట్టుకుంది. ఎంత కడిగినా పోని ఎర్రమట్టి ఆవిడ గోళ్ళ సందుల్లో అలాగే ఉంది.

"రెండు పనుల మీద వచ్చాను సార్. మీకు తీరికేనా?"

"మీకోసం లేని తీరికా, చెప్పండి."

"రేపు హెడ్డు గారిని ఇంకొక్క ఏడాది అడుగుదామనుకుంటున్నాను. ఊరికే ఇమ్మంటే ఎవరిస్తారు. ఫలానాది నా తప్పు, ఇలా దిద్దుకుంటాను అని చెప్పి అడిగితే ఆయనకీ ఒక దారి ఉంటుంది. అయితే ఆ తప్పేంటో నాకు తెలియట్లేదు." చెంపకి అంటిన జుట్టు వెనక్కి తోసుకుంది. "నలభై మూడేళ్ళొచ్చాయి. నాకు బాగానే వచ్చనుకున్న పని ఇదొక్కటే. పిల్లలు ఒకటీ అర వేశారంటే, నాకు కనపడని చోట ఏదో కుళ్ళుంది. వాళ్ళు అడుగున ఏమైనా రాసుంటే ఒకసారి చూడనిస్తారా?"

"రెండో పని?"

ఆవిడ కొంచెం సిగ్గుపడింది. "మీలాగా స్లైడ్లు చేసుకున్నాను. ఇరవై ఆరు అయ్యాయి. నిన్న మొన్న క్లాసులో అవే చూపించాను. ఇంకా చదవడం సరిగ్గా రావట్లేదు, మధ్యలో పిల్లల వైపు తిరిగి ఏదో ఒకటి వాగేస్తున్నాను. మీరు ఒకసారి చూసి ఎక్కడ సరిచేయాలో చెప్తే..."

పొగడ్తకి పొట్ట ఉండదంటారు, ఎంత పెట్టినా పడుతుంది. సారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఎవరైనా తన దగ్గర విద్య నేర్చుకోవడానికి వచ్చి ఎన్నాళ్ళైంది.

"చూడండి మేడమ్, మీలో శ్రద్ధకి లోటు లేదు. కానీ ప్రతి పిల్లాడి చేతిలో తడిమట్టి పెట్టడం, వేళ్ళ మధ్య నొక్కి రిబ్బను సాగదీయండి అనడం, గట్టు మీద గుంట తవ్వించడం... ఇది కాలేజీ అండీ, ఇటుకల బట్టీ కాదు."

"ఎంత పొడవు సాగితే అంత బంక ఉందని చేతికి తెలుస్తుంది కదా సార్."

"ఆ మాట ఒక్క స్లైడులో పడుతుంది."

ఆవిడ తలూపింది. నోటుపుస్తకం తెరిచి ఆ మాట రాసుకుంది కూడా.

ఆ రాసుకోవడం చూసి సారుకి జాలేసింది. జాలి అని ఆయన అనుకున్నాడు. "రూలు ప్రకారం ఫారాలు మీ చేతికి ఇవ్వకూడదు. నాలుగు నేనే చదివి చెప్తాను, సరేనా" అంటూ బీరువా తెరిచాడు.

ఆఖరి ఏడాది కట్ట అడుగు అరలో ఉంది. ఈ ఏడు కొత్త ఫారాలు అచ్చేయించారు. సరిగ్గా ఒక తరగతికి చాలలేదు. మళ్ళీ అచ్చుకి ఎవడు తిరుగుతాడని ఇన్‌ఛార్జి సారు పాతవి మిగిలిన కట్ట దుమ్ము దులిపి తన తరగతికి పంచేశాడు. అవే పన్నెండు ప్రశ్నలు, అవే ఐదు అంకెలు. పదిహేనేళ్ళుగా పంచుతున్న కాగితాన్ని మళ్ళీ చదివేదెవరు.

దారం విప్పాడు. పైన మేడమ్ ఫారాలు, వాటి కింద ఆయనవి. మొదటిది తీశాడు. పన్నెండు ప్రశ్నలకీ ఒకటే. పాపం అనుకుంటూ అడుక్కి వెళ్ళాడు.

'గుంట తవ్వించి అరగంట నోరు మూసుకుని చూడమంది. ఆ రోజు నుంచి నేల నాకు కనబడుతోంది.'

సారు కనుబొమలు ముడిపడ్డాయి. ఎవడో తిక్క సన్నాసి, అంకెకీ మాటకీ పొత్తు లేదు. రెండోది తీశాడు. అన్నీ ఒకట్లే. 'మూడోసారి అడిగినా విసుక్కోదు.' మూడోది. ఒకట్లు. 'మేడమ్ క్లాసుంటే జ్వరమొచ్చినా వస్తాను.'

అప్పుడు ఆయన చూపు పైకి పోయింది. కాలేజీ పేరు కింద సన్న అక్షరాల్లో ఒక వరస ఉంది. ఒకటి, చాలా బాగుంది. రెండు, బాగుంది. మూడు, పర్వాలేదు. నాలుగు, అంతంతమాత్రం. ఐదు, బాగాలేదు.

కొత్త ఫారంలో ఇది తిరగేశారు. ఐదంటే చాలా బాగుంది. తిరగేయాలని తీర్మానించిన సమావేశంలో టీ తాగుతూ తలూపినవాళ్ళలో ఈయనా ఉన్నాడు. గుమాస్తాకి పాతదేదో కొత్తదేదో తెలియదు, అతనికి అంకెలు చాలు. అన్ని తరగతుల లెక్కా నిలువుగా పోతే ఈ ఒక్క తరగతి లెక్క తలకిందులుగా నడిచింది. మిగతా ఇద్దరు టీచర్లకి మూడు చుట్టుపక్కల వచ్చింది. నడుమున ఉన్నవాణ్ణి తలకిందులు చేసినా నడుమునే ఉంటాడు గనక ఎవరికీ అనుమానం రాలేదు. మారింది రెండు కొసలు.

సారు చెయ్యి ఆయన్ని అడక్కుండానే కింది కట్టలోకి వెళ్ళింది. పైన తన పేరు. పన్నెండు ప్రశ్నలకీ ఐదు. ఇంకోటి. ఐదు. 'స్లైడ్ల సారు రాకపోయినా పర్లేదు, స్లైడ్లు పంపిస్తే చాలు. మాకూ కళ్ళున్నాయి.'

స్లైడ్ల సారు. తనకో పేరుందని ఆయనకి ఆ క్షణం దాకా తెలియదు.

"సార్" అంది మేడమ్. "మీ మొహం అలా అయిపోయిందేం? ఏం రాశారు?"

బల్ల మీది కంప్యూటరు అడ్డంగా ఉంది. ఆ పక్కనుంచి ఆవిడకి ఆయన మొహమే కనబడుతోంది గాని చేతిలో ఎవరి కాగితం ఉందో కనబడదు.

"ఏం లేదు. చాలామంది ఖాళీగా వదిలేశారు."

"ఆ చేతిలోది ఖాళీ కాదు కదా. దాచకండి సార్. చెడ్డగా రాసినా నేనేం అనుకోను. దానికోసమే వచ్చాను." ఆవిడ పెన్ను మూత తీసింది.

తేలు కుట్టిన దొంగ అరవలేడు. నిజం చెప్పడానికి ఆయనకి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరి తీసుకున్నాడు కూడా. కానీ గోడ మీది పటం, నోటు మీది సంతకం, పొద్దున గుమాస్తా లేచి నిలబడి పెట్టిన దణ్ణం అన్నీ కలిసి గొంతులో పచ్చి వెలక్కాయలా అడ్డం పడ్డాయి. కళ్ళెదుట ఉన్న కాగితాన్ని చదవడం ఒక్కటే ఆయనకి బాగా వచ్చిన విద్య. చదివాడు.

"'పాఠం చెప్పేటప్పుడు మా మొహాలు చూడరు. గదిలో ఎవరూ లేకపోయినా చెప్పేస్తారు.'"

మేడమ్ రాసుకుంది. రాసుకుని ఒక్క క్షణం ఆలోచించింది. "నిజమేనేమో సార్. మట్టి వంకే చూస్తుంటాను. ఇంకోటి?"

"ఇవి చాలు మేడమ్..."

"ఇంకోటి చదవండి."

"'డౌటు అడిగితే మళ్ళీ అదే...'" స్లైడు అన్న మాట దగ్గర నాలుక మడతపెట్టి దాటేశాడు. "'మళ్ళీ అదే చదువుతారు. అర్థం కాలేదంటే గట్టిగా చదువుతారు.'"

"అయ్యో" అంది ఆవిడ మెల్లగా. "అలా చేస్తున్నానా నేను." అదీ రాసుకుంది. గుండ్రటి అక్షరాలు. తనది కాని తప్పుని అంత పొందిగ్గా రాసుకునే మనిషిని సారు ఎప్పుడూ చూడలేదు. చూడకుండా ఉండటానికి తరవాతి కాగితం తీశాడు.

"'ఈ చదువు ఇష్టపడి చేరాను. ఆ ఇష్టం ఈ క్లాసులోనే పోయింది.'"

చదివేశాక గాని ఆ చేతిరాత ఆయన కంట పడలేదు. 'ష' కింద ట వత్తుని తోక లాగినట్టు కిందికి లాగే అలవాటు. అదే తోక ఆయన వంటింటి తలుపు మీద అంటించిన సరుకుల చీటీలో రోజూ కనబడుతుంది. భార్య అక్క కూతురు. మూడేళ్ళుగా వాళ్ళింట్లోనే ఉండి చదువుతోంది. బాబాయ్ చెప్పే సబ్జెక్టు అని, ఇంకెక్కడో వచ్చిన సీటు వదులుకుని మరీ ఇందులో చేరింది.

మట్టి మేడమ్ ఈసారి రాసుకోలేదు. పెన్ను కాగితం మీద ఆనించి అలాగే ఉంచింది. అక్కడ సిరా చుక్క కాస్త పెద్దదైంది.

"మార్కులు తక్కువేశారంటే సరే సార్" అంది. "ఇష్టంగా వచ్చిన పిల్లకో పిల్లాడికో ఆ ఇష్టమే లేకుండా చేశానంటే... దానికి దిద్దుబాటేముంది."

లేచింది. థాంక్స్ చెప్పింది. స్లైడ్ల సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఆవిడ వెళ్ళాక సారు కట్టకి దారం బిగించి బీరువాలో పెట్టి తాళం వేశాడు. తాళం పడిందో లేదో అని రెండుసార్లు లాగి చూశాడు.

*

మనిషి మనసంత మంచి గుమాస్తా లోకంలో లేడు. ఎంత పాడు లెక్కైనా సాయంత్రానికి సరిచేసి పెడతాడు. ఇంటికి నడిచి వచ్చేసరికి సారు దగ్గర వాదన తయారైంది. పొరపాటు ఫారానిది. చదివింది మూడు కాగితాలే. ఆవిడకి ఎలాగూ ఇంకెక్కడైనా దొరుకుతుంది. వచ్చే ఏడు కొత్త ఫారాలు ఎక్కువ అచ్చేయిద్దాం. చెప్పులు విప్పే వేళకి దాదాపు నమ్మేశాడు.

హాల్లో ఇల్లాలు పాత పేపరు పరుచుకుని బీన్సు తరుగుతోంది. ఆరున్నరకి పిల్ల వచ్చింది. సంచీ దించింది, చేతులు కడుక్కుంది, వచ్చి సారు ఎదురుగా నిలబడింది.

"సార్, ఒక మాట అడగొచ్చా?"

కాలేజీలో సార్, ఇంట్లో బాబాయ్. మూడేళ్ళలో ఒక్కనాడూ తప్పని కట్టుబాటు అది.

పిన్ని నవ్వింది. "ఇదేంటే, ఇల్లు కూడా కాలేజీ చేసేశారా? ఉండు, హాజరు పట్టీ తెస్తాను."

పిల్ల నవ్వలేదు. "ఇవాళ నాలుగింటికి మేడమ్ ఆఖరి ప్రాక్టికల్ సార్. మట్టి తేలేదు. నోటుపుస్తకం తీసి, మీ అందరికీ క్షమాపణ చెప్పుకోవాలి అంది. మీరు రాసినవి సారు చదివి చెప్పారు, నాకు కోపం లేదు, సిగ్గుగా ఉంది అంది. రెండు మాటలు చదివింది. మూడోది పుస్తకంలో లేదు, చూడకుండానే చెప్పింది."

సారు టీవీ రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. టీవీ పెట్టి లేదు.

"ఆ మూడోది నేను రాసింది."

కత్తిపీట దగ్గర చప్పుడు ఆగింది.

"ఆవిడ మీద రాయలేదు" అంది పిల్ల.

"ఎవరి మీద రాశావే మరి?" అంది పిన్ని. అడిగాక గాని ఆవిడకి భర్త మొహం కనబడలేదు. మళ్ళీ అడగలేదు.

"పొరపాటు జరిగింది" అన్నాడు సారు. గొంతు ఎవరిదో అద్దెకు తెచ్చుకున్నట్టుంది. "కట్టలు కలిసిపోయి... ఒకటంటే మీరేమనుకున్నారు అసలు?"

"అనుకునేదేముంది, పైన అచ్చేసి ఉంది. ఒకటి చాలా బాగుంది, ఐదు బాగాలేదు. మీకు ఫస్టొచ్చిందంటే మేమంతా నవ్వుకున్నాం. మన కాగితాలు ఎవరు చదువుతార్లే, స్టాఫు వాళ్ళలో వాళ్ళే పంచుకుంటారని. మేడమ్‌ని పంపించేస్తున్నారని మాకెవరికీ తెలియదు. ఇవాళే తెలిసింది."

"నువ్వు నాకెంత వేశావ్?"

అడగకూడని ప్రశ్న. అయినా ఆ తాపత్రయం అలాంటిది, మునిగేవాడు కూడా నీళ్ళలో తన నీడ చూసుకుంటాడు.

పిల్ల నేల చూసింది. "మూడు. అందరూ ఐదు చుడుతున్నారు, నాకు చెయ్యి రాలేదు. మా బాబాయ్ కదా అని."

లెక్కల్లో ఆ దయ కాస్తా కోతై కూర్చుంది. ఆ మూడు పడకుంటే సారు సగటు ఇంకాస్త పెరిగేది.

"ఆవిడ అలా చెప్తుంటే క్లాసులో అందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. మేడమ్ మీద ఎవడు రాశాడ్రా అని వెనక బెంచీలో కొట్టుకున్నంత పని చేశారు. నేను లేచి, ఆ మాట నాది, మీ గురించి కాదు అని చెప్పుంటే అయిపోయేది. మరి ఎవరి గురించి అంటారు. అక్కడ మీ పేరు చెప్పాలి. చెప్పలేదు. ఆవిడ బోర్డు తుడుచుకుని వెళ్ళిపోయేదాకా తలొంచుకుని కూర్చున్నాను. మీరు చేసింది మీకు తెలుసు. నేను చేసింది కూడా అదే కదా సార్."

సారుకి ఆ మాట తగిలిన చోట ఇంకేదీ తగల్లేదు. పిల్ల తనని తిట్టుంటే బాగుండేది. తిట్టుకి ఎదురు తిట్టుంది, పెద్దంతరం చిన్నంతరం ఉంది. తన పాపంలో అది కూడా వాటా పంచుకుంటానంటే ఏమనాలి.

ఇల్లాలు బీన్సు ముక్కలు గిన్నెలోకి ఎత్తుకుంది. "మా అక్కకి ఫోన్ చేసి మరీ చెప్పాను, మా ఆయన ఫస్టొచ్చాడని" అంది ఎవరితోనూ కాకుండా. "మూడు ఇళ్ళ వాళ్ళకి చెప్పాను. పటం కనబడాలని ఆ క్యాలెండరు తీసి అవతల పెట్టాను." కోపంగా అంటే తట్టుకునేవాడు. ఆవిడ మామూలుగానే అంది. గిన్నె తీసుకుని వంటింట్లోకి పోయింది.

"రేపు పది గంటలకి హెడ్డు గారి దగ్గర నేనే చెప్తాను" అన్నాడు సారు.

"ఏమని?"

"ఉన్నది ఉన్నట్టు. లెక్క తలకిందులైందని. ఆవిడకి చదివి వినిపించినవి నావని."

పిల్ల ఆయన్ని కాసేపు చూసింది. ఇష్టంగా నేర్చుకుందామని వచ్చిన మొదటి రోజు ముందు బెంచీలోంచి ఇలాగే చూసి ఉంటుంది. ఆయన అప్పుడు చూడలేదు.

"సరే సార్" అంది. బాబాయ్ అనలేదు.

*

పొద్దున తొమ్మిదిన్నరకే సారు బీరువా తెరిచి కట్ట చంకన పెట్టుకున్నాడు. వరండా పొడుగునా ఏం చెప్పాలో కూడబలుక్కుంటూ నడిచాడు. మొదటి మాట పడితే చాలు, తక్కినవి అవే వస్తాయి. మధ్యలో రసాయన శాస్త్రం ఆయన ఎదురై "ఏం ఫస్టు ర్యాంకు గారూ, పార్టీ ఎప్పుడు?" అన్నాడు. సారు నవ్వలేక నవ్వితే ఆ నవ్వుని వినయం కింద జమకట్టుకుని భుజం తట్టి పోయాడు.

హెడ్డు గారి గదిలో మట్టి మేడమ్ అప్పటికే కూర్చుని ఉంది.

"రావయ్యా, నీకే ఫోన్ చేయబోతున్నాను" అన్నారు హెడ్డు గారు. ఆయనకి రిటైరవడానికి పద్నాలుగు నెలలుంది. ఈ లోపల ఏ గొడవా తన బల్ల దాకా రాకుండా ఉంటే చాలనుకునే మనిషి. "మన పని తేలికైపోయింది. మేడమ్ గారే రాసిచ్చేశారు."

కాగితం సారు వైపు తోశారు. గుండ్రటి అక్షరాలు. ఇంకో ఏడాది అడగటం లేదని, పిల్లలు రాసిన మాటలు తెలుసుకున్నానని, వాటిలో ఒకటి తను మోయలేనని, ఇక్కడే కాదు, ఇక ఎక్కడా పాఠం చెప్పదలచుకోలేదని నాలుగు వాక్యాలు. ఆ మాటలు తెలుసుకోవడంలో సాయం చేసినందుకు సారుకి కృతజ్ఞతలని ఐదోది.

ఆ ఐదో వాక్యం సారు రెండుసార్లు చదివాడు. అక్షరాలు అలుక్కుపోయాయి.

"ఇది తీసుకోకండి" అన్నాడు.

హెడ్డు గారు కళ్ళజోడు పైనుంచి చూశారు.

"ఆ తరగతికి నేను పాత ఫారాలిచ్చాను. వాటిలో ఒకటంటే మంచిది. గుమాస్తా కొత్త లెక్కన ఎక్కించాడు. మేడమ్‌ది ఒకటీ అర కాదు సార్, అందరికంటే పైన ఆవిడే ఉంది. అందరికంటే కింద నేనున్నాను." ఒక్కో మాటా నూతిలోంచి చేదినట్టు వస్తోంది. "నిన్న ఆవిడకి నేను చదివి వినిపించినవి ఆవిడ గురించి రాసినవి కావు. నా గురించి రాసినవి. తెలిసే చదివాను."

మట్టి మేడమ్ లేచి నిలబడింది. కళ్ళు తడిగా ఉన్నాయి, కానీ మొహంలో కోపం లేదు, అనుమానం లేదు. సారు దేనికైనా సిద్ధపడి వచ్చాడు, ఆ చూపుకి తప్ప.

"వద్దు సార్" అంది. "మీది పెద్ద మనసు. రాత్రంతా ఆలోచించి ఈ దారి కనిపెట్టుంటారు. మీకొచ్చిన పేరు కూడా పోగొట్టుకుని నన్ను నిలబెడదామనుకున్నారు. కానీ నామీద జాలితో మీరు అబద్ధం ఆడొద్దు. ఆ మాటలు విన్నప్పుడే నాకు తెలిసింది సార్, అవి నావేనని."

"మేడమ్, ఒక్కసారి వినండి..."

ఆవిడ తల అడ్డంగా ఊపింది. సారు కట్ట బల్ల మీద పెట్టి ముడి మీద చెయ్యి వేశాడు. ముడి దొరకలేదు. దొరికేలోగా హెడ్డు గారి అరచెయ్యి వచ్చి ఆ వేళ్ళ మీద పడింది. మెత్తటి చెయ్యి, బరువైనది.

ముప్పై మూడేళ్ళ సర్వీసులో హెడ్డు గారు ఎన్నో మొహాలు చూశారు. ఏది జాలి అబద్ధమో ఏది ప్రాణం మీదికొచ్చిన నిజమో చూడగానే తెలుస్తుంది. నమ్మాల్సిన మనిషి నమ్మలేదు. ఆయన మాత్రం అక్షరం అక్షరం నమ్మారు. పోయిన వారమే ఆ లెక్కల మీద తన సంతకంతో కాలేజీ నివేదిక పై ఆఫీసుకి వెళ్ళిపోయిందని కూడా ఆయనకి గుర్తొచ్చింది.

"మేడమ్, మీరు బయల్దేరండమ్మా" అన్నారు చాలా నెమ్మదిగా, సారు వేళ్ళ మీంచి చెయ్యి తీయకుండానే. "నేను సారుతో రెండు ముక్కలు మాట్లాడాలి. వెళ్తూ ఆ తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి."

మట్టి మేడమ్ చెప్పిన మాట వినే మనిషి. చప్పుడు కాకుండా తలుపు వేసి వెళ్ళింది.